కొసరుగా వచ్చిన మన్ను

చూడకుండా ఇల్లు కొన్న మొనగాడు మా వంశంలో నేనొక్కణ్ణే. మా నాయన చింతపండు బుట్టలో చెయ్యి మోచేతి దాకా దించి చూడందే ధర అడిగేవాడు కాదు. నేను గిద్దలూరు సంతలో, ఎద్దుల బేరం చేసినట్లు తువ్వాలు కింద వేళ్లు పట్టి, మార్కాపురం శివారులో ఉన్న ఆరు దూలాల మిద్దె బేరం చేశాను. ఎద్దునైతే పళ్లు చూసేవాణ్ణి.

అమ్మినాయన కనిగిరి నెయ్యి వ్యాపారి. ధర తగ్గించాక కూడా నాకు తృప్తి లేకపోయింది. కొసరు లేని బేరం మా ఇళ్లల్లో బేరం కిందికి రాదు. "వానలు రాకముందే మిద్దె మీద నీళ్లు దిగనియ్యని కొత్త చవుడు మన్ను పోయించి ఇయ్యాల, నీ ఖర్చుతోనే" అన్నాను. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఒప్పుకున్నాడు. అప్పుడే అనుమానం రావలసింది. గెలిచాననుకుని ఇంటికి పోయి పెరుగన్నం తిన్నాను.

రిజిస్ట్రీ అయిన పది రోజులకు ఇల్లు చూడడానికి బయలుదేరాను. గిద్దలూరులో ఉదయం ఏడింటి బండి. మార్కాపురం రోడ్డు స్టేషనుకు టిక్కెట్టు ఏడణాలు. పోదలచినవారు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవద్దు. ఎండ, బొగ్గు నుసి రెండూ అటే వస్తాయి. కంభంలో ఒక గొర్రెలాయన ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే, గొప్పగానే చెప్పాను.

"పలకల గనులకాడికి పోయే దోవలో, రాతి స్తంభాల మిద్దేనా?" అన్నాడు.

"అదే."

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. "ఆ ఇల్లు పట్టపగలు మూలుగుతాది నాయనా. మా అల్లుడు ఇన్నాడు. ముగ్గురు అమ్ముకోని పోయినారు. నువ్వెంతకు తీసుకున్నావు?"

చెప్పాను.

"దెయ్యంతో కలిపి అయితే సరసమే" అన్నాడు.

రైలుపెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దెయ్యం పేరు చెప్పి ఇంకో యాభై తగ్గించి ఉండవచ్చే అన్న బాధ తప్ప నాకింకేమీ లేదు అప్పటికి.

తొమ్మిదిన్నరకు దిగాను. స్టేషను నుంచి ఊళ్లోకి జట్కాకు ఆరణాలు అడుగుతారు, నాలుగిస్తే చాలు. ఊళ్లో మూడణాల భోజనం చేసి, పన్నెండు గంటలకు నడుచుకుంటూ ఇల్లు చేరాను.

బయటినుంచి చూస్తే కడుపు నిండింది. రెండు అరుగులు, నాలుగు నల్లరాతి స్తంభాలు, నల్లమల టేకు తలుపు. లోపల పొడుగాటి పడసాల, దానికి అటూ ఇటూ గదులు. పైన దూలాలు, వాటిమీద అడ్డంగా దంతెలు, దంతెల మీద పలకబండలు, ఆ పైన మన్ను. పడసాల నడుమ కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షి. దాని కింద నులకమంచం మీద ఒక ముసలాయన వెల్లకిలా పడుకుని, కన్నార్పకుండా దూలాన్ని చూస్తున్నాడు.

పడసాలలో బాడుగకున్నది ఈయనా, ఈయన కోడలూ. ఆయన పేరు తిరుపాలు. తుంటి విరిగి లేవలేడు. కోడలు ఓబులమ్మ, మొగుడు పోయినామె, గనుల దగ్గర పలకలు కోసే పనికి పోతుంది. నాకు మజ్జిగ ఇచ్చింది. చెంబులో చూస్తే పైన సన్నటి మన్ను తేలుతోంది.

"ఎనిమిది దినాల నుంచి ఇట్లనే రాలతాంది శెట్టీ. గంజిలో, గుడ్డల్లో, యాడ జూసినా ఇదే" అంది.

అప్పుడు ఇల్లు మూలిగింది. బరువెత్తుకున్న మనిషి పళ్లు బిగపట్టి చేసే చప్పుడు అది. లేచి గుమ్మం దాకా పోయి, ఏదో పని ఉన్నట్లు తలుపు గొళ్లెం పరీక్షించాను.

"దెయ్యం గాదులే, రా" అన్నాడు తిరుపాలు. "పైకి పోయి పిట్టగోడ ఎంతెత్తుందో చూసి రా."

నిచ్చెన ఎక్కాను. మిద్దె చుట్టూ పిట్టగోడ మోకాలెత్తు ఉండాలి. నా చీలమండ దాటలేదు. గోడ కుంగలేదు, మన్నే పెరిగింది. గవాక్షిలోకి వంగి చెయ్యి దించాను. భుజం దాకా పోయినా కప్పు అడుగు తగల్లేదు. దాని పక్కల్లో పొరలు కనిపించాయి: అడుగున తెలుపు, తర్వాత బూడిద, తర్వాత ఎర్రజీర, అన్నింటి మీదా తడి ఆరని కొత్త పొర.

కింద నుంచి తిరుపాలు చెబుతున్నాడు. కింది మూడూ కూలికి మోసింది ఆయనే. "తెల్లది కట్టించిన గనుల గుత్తేదారుది. బూడిదది తంగేడుచెక్క యాపారిది. ఎర్రది నీకమ్మిన నెయ్యి యాపారిది. కొన్నపుడల్లా ఒకటే మాట, కొత్త మన్ను పోయించి ఇయ్యమని. పైది నీదంటనే?"

"పాతది తీసి పోయాల గదా తాతా?"

"తీయాల. తీసేదానికి కూలెవురిస్తారు? శెట్లు పోసేదానికే ఇస్తారు."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

దానికి ఓబులమ్మ జవాబిచ్చింది. "చెప్తే ఖాళీ జెయ్యమంటారని. ఈయన్ని ఎత్తుకోని నేనేడికి పోదును అన్నా?"

తలెత్తితే కొండల మీద మబ్బు నల్లగా దిగుతోంది. ఇంత మన్ను తడిస్తే ఎంత బరువవుతుందో చింతపండు తూకం ఎరిగినవాడికి వేరే చెప్పనక్కర్లేదు. దిగి వచ్చి మంచం ఒక కొస పట్టుకున్నాను, ఓబులమ్మ రెండో కొస పట్టింది. గుమ్మం దాకా పది అడుగులు. ఆ పది అడుగుల్లో నా తలమీద రెండుసార్లు మన్ను రాలింది. పైకి చూడలేదు. చూస్తే కాళ్లు ఆగిపోతాయని తెలుసు. ఎదుటి పాకలో దించేటప్పటికి నేను చెమట తుడుచుకోవడం చూసి, "నేను బరువు లేను గదప్పా" అన్నాడు ముసలాయన.

గనుల నుంచి వస్తున్న ఎనిమిది మందిని ఓబులమ్మ పిలుచుకొచ్చింది. సగం పూటకు మామూలు కూలి నాలుగణాలు. మబ్బు చూసి ఎనిమిది అడిగారు. బేరానికి నోరు తెరిచాను. ఉరిమింది. మూసుకున్నాను.

"నడిమి దూలం మీద ఎవురూ అడుగు పెట్టాకండి! గోడల మీద నిలబడి లాగండి!" అని పాకలోంచి తిరుపాలు కేకలు. ఇంటి యజమానిని గనక నేనూ ఎక్కి పార పట్టుకున్నాను. మొదట తీసింది నా కొసరే. మూడింటికి నడిమి దూలం టప్పున పగిలింది. అందరం ఉన్నచోటనే బిగుసుకుపోయాం. గవాక్షిలోంచి దుమ్ము మాత్రం లేచింది. ఇల్లు నిలబడింది. ఓబులమ్మ కట్టెల అడితి నుంచి గట్టి ఏపెచెట్టు మొద్దు తెప్పిస్తే, లోపలికి పోయి పగులు కింద ఆనించాము. ఎర్ర పొర సగం తీసేసరికి వాన వచ్చింది. ఆ రోజు ఆ ఇల్లు కారినట్లు ఇంకే ఇల్లూ కారగా నేను చూడలేదు. కానీ మూలగలేదు.

మిగతా మన్ను తీయించి, దూలం మార్చేదాకా ఆ పడసాలలో ఎవరూ పడుకోకూడదని చెప్పి, వీధివైపు గది తాళంచెవి ఓబులమ్మకిచ్చాను. "బాడుగెంత శెట్టీ?" అంది భయంగా. పాతదే అన్నాను.

సాయంత్రం బండిలో, తడిసిన పంచెతో, లెక్క రాసుకున్నాను. రైలు రానూ పోనూ పద్నాలుగణాలు. జట్కా ఎనిమిదణాలు. భోజనం మూడణాలు. కూలి నాలుగు రూపాయలు. మొద్దు ఒక రూపాయి. మొత్తం ఆరు రూపాయల తొమ్మిదణాలు. కొసరు మన్నుకు ఎదురుగా 'ఉచితం' అని రాశాను. కంభం దాటాక అది కొట్టేశాను. ఆ మన్ను కింద ఒక మనిషి ఎనిమిది రోజులు వెల్లకిలా పడుకున్నాడు. ఆ ఎనిమిది రోజులనూ నా పేరుమీదే బాకీ రాసుకున్నాను.