మందు గోధుమలు

దౌ యుజెన్ నాలుగడుగుల మనిషి. ఆమె మోచేతులు పూర్తిగా తిన్నగా రావు. పొట్టి వేళ్ళు కణుపు కణుపునా అల్లపు కొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి. చైనాలో షాన్షీ పసుపుమట్టి దిబ్బల మీది ఆ ఊళ్ళో ముగ్గురిలో ఒకరిని పసితనంలోనే పట్టే పెద్దకీళ్ళ జబ్బు అది. అయినా ఏ ఇంట బిడ్డకు నెల నిండినా, విందులో తలా ఒక ముక్క తుంచుకునే పిండి పులిని మలిచి ఆవిరి మీద ఉడికించవలసింది ఆ వేళ్ళే.

ఎనభైల నాటి ఒక వసంతంలో పట్నం నుంచి డాక్టరమ్మ వచ్చింది. ఇక్కడి నేలలో సెలీనియం అనే ధాతువు లేదనీ, అందుకే పిల్లల ఎముకలు చెడుతున్నాయనీ, వెన్ను తీసే గోధుమ మీద చల్లితే అది గింజలోకి చేరుతుందనీ చెప్పింది. చల్లడానికి తెచ్చినవి పురుగుమందు పంపులు. చల్లేవాళ్ళ మూతులకు గుడ్డలున్నాయి. అంత మేలైనదైతే మీరెందుకు మూతులు కట్టుకున్నారని ఊరు అడిగింది. అడగవలసిన ప్రశ్నే. జవాబు కోసం మాత్రం ఎవరూ నిలబడలేదు.

యుజెన్ ఒక్కతే తన పొలంలో చల్లించింది. తల్లిదండ్రులు బొగ్గుగనిలో పనిచేస్తుంటే ఆమె పెంచుతున్న మనవరాలు సుయికి అప్పుడు ఐదేళ్ళు. ఆ పిల్ల వేళ్ళు ఇంకా తిన్నగా ఉన్నాయి. తనవి ఏడో ఏట వంకరపోయాయని యుజెన్‌కు గుర్తు.

ఆ తర్వాత పులి చేసిపెట్టమని ఎవరూ రాలేదు. "నీ పులి మా పిల్లాణ్ణి నిజంగానే మింగుతుందేమో వదినా" అని పక్కింటామె నవ్వింది. యుజెన్ పట్టించుకోలేదు.

ఆ ఊరి మిల్లులో అందరి గోధుమలూ ఒకే రాశిలో పోసి, తూకం ప్రకారం ఆ రాశి పిండే పట్టుకుపోవడం రివాజు. ఎవరి గింజ ఎవరి కడుపులోకి పోతుందో ఎవరూ అడగరు. యుజెన్ మాత్రం తనవి ఎవరికీ తెలియకుండా విడిగా ఆడించమని మిల్లు జియాను బతిమాలింది. అతను సరేనన్నాడు. ఏటా చల్లిస్తూ, మూడేళ్ళపాటు అతను కట్టి ఉంచిన సంచీని ఆమె వీపున మోసుకొచ్చి, ఆ పిండితోనే సుయిని పెంచింది.

మూడో ఏడు బళ్ళో పిల్లల చేతులకు ఎక్స్‌రేలు తీశారు. సుయి కణుపుల్లో జబ్బు మొదలైంది. మందు గోధుమలు తిన్న పిల్లకే వచ్చిందని సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఇక చల్లడం ఆపించాలని కాగితం రాసి ఇంటింటా వేలిముద్రలు వేయించారు. జియా కూడా వేశాడు.

డాక్టరమ్మ సుయి వెంట్రుకలు కొన్ని కత్తిరించి పరీక్షకు పంపింది. నెల తర్వాత వచ్చి, వెంట్రుకల్లో ఆ ధాతువు జాడే లేదనీ, ఈ పిల్ల ఆ గోధుమ తిననేలేదనీ చెప్పింది. యుజెన్ తన్ను అబద్ధాలకోరంటున్నదని కాసేపు కోపగించుకుంది. తర్వాత మిల్లుకు నడిచింది.

జియా మిల్లు ఆపి, తలుపు దగ్గరికి వేశాడు.

"నీవి ఆడిస్తే నా గడప ఎవరు తొక్కుతారు వదినా? మిల్లు కడిగినా నమ్మరు. రాశిలోంచే పోసిచ్చాను."

"మరి నా గింజలు?"

"పందులకు పెట్టాను."

యుజెన్ మూలనున్న తన సగం సంచీ మూతి విప్పి చూసింది.

"బాగా పెరిగాయా?"

"పెరిగాయి."

ఈ మాట ఊళ్ళో చెప్పమంది. చెబితే మూడేళ్ళు ఆ మిల్లులో మందు గోధుమల సంచులున్నాయని తెలుస్తుందన్నాడు. అతను క్రూరుడు కాడు. పదిమంది భయాన్ని తన బతుకుతెరువుగా చేసుకున్నవాడు, అంతే. అటువంటివాడి నుంచి పిల్లను కాచుకోవడం క్రూరుడి నుంచి కాచుకోవడం కంటే కష్టం.

మూల మిగిలిన సగం సంచీని ఆమె ఇంటికి మోసుకొచ్చింది. ఇప్పటికైనా తింటే జబ్బు ఇంకా ముదరకుండా ఆగవచ్చని డాక్టరమ్మ అన్నది. వాడకం పోయిన తిరగలి కడిగి, రెండు చేతులతో ఒక పూటంతా విసిరింది. ఆ పిండితో మూడేళ్ళలో మొదటిసారి ఒక పులిని చేసింది. నల్లచిక్కుడు గింజల కళ్ళు, కత్తెరతో కోసిన మీసాలు.

సుయి చేతులు వెనక్కి దాచుకుంది. "దీనివల్లే అని బళ్ళో అందరూ అంటున్నారు నాయనమ్మా."

యుజెన్ పులి చెవి తుంచి, తాను నమిలి, మింగి చూపించింది. ఇంకొక ముక్క తుంచి పిల్ల నోటి దగ్గర పట్టుకుంది.

సుయి ఆ ముక్కను చూడలేదు. దాన్ని పట్టుకున్న వేళ్ళను చూసి, పెదవులు బిగించుకుంది.