వరండాలో గేర్ల సైకిలు

గుడివాడలో నేను ఇల్లరికం అల్లుణ్ణి. ఈ ఇంట్లో కంచం దగ్గర్నుంచి కారు దాకా అన్నీ మామగారివే. నాదంటూ ఉన్నది పెళ్లికి ముందు బందరులో తొక్కిన గేర్ల సైకిలొక్కటే. అక్కడి ఉప్పుగాలికి తుప్పు పట్టి మూల పడి ఉంటే, మొన్న వేసవిలో ఇక్కడికి తెప్పించాను.

ఆదివారాలు పెరట్లో కూర్చుని దాన్ని మొత్తం విప్పాను. కిరసనాయిలుతో గొలుసు కడిగాను. గేర్లకు కొత్త వైర్లు వేశాను. మట్టిదారికి పట్టు దొరికేలా లావుపాటి టైర్లు ఎక్కించాను. కాలవ గట్టు మీదుగా బందరు దాకా ఒక్కణ్ణే వెళ్లి రావాలని నా పట్టుదల. ఇక పెయింటు ఆరడమే మిగిలింది.

ఆ సాయంత్రం మామగారి మిల్లులో పని ముగించుకుని ఆయన కార్లో ఇంటికి వచ్చేసరికి సైకిలు వరండాలో ఉంది. వెనక చక్రం నేలకు తగలకుండా ఇనప స్టాండు పెట్టించి, ఫ్రేముకు వెల్డింగు చేయించేశారాయన. ముందు చక్రం మాత్రం గేటు వైపే చూస్తోంది.

"మీరు రోడ్డు మీద సైకిలు తొక్కితే నలుగురూ నన్నేమనుకుంటారండీ? ఎక్సర్‌సైజు కావాలంటే ఫ్యాను కింద హాయిగా తొక్కుకోండి అల్లుడుగారూ," అన్నారు.

తిట్టి ఉంటే తిరగబడేవాణ్ణి. ఆయనేమో మర్యాదగా చెప్పారు. పళ్లు నూరుకుంటూ ఎక్కి, పెద్ద గేరు వేసి కసిదీరా తొక్కాను. వెనక చక్రం రివ్వున తిరిగింది. అత్తగారు కాఫీ తెచ్చి పక్కన స్టూలు మీద పెట్టారు.

"ఎలా ఉందండీ?" అని మామగారు అడిగారు.

"గేర్లన్నీ చక్కగా పడుతున్నాయండీ," అన్నాను.