సిమెంటు గుడిసెలో జొన్న రొట్టె

ఆ రోజుల్లో బొంబాయిలో తిండి బాగున్న చోట కూర్చోవడానికి బల్ల ఉండేది కాదు, బల్ల బాగున్న చోట తిండి నోట పెట్టేలా ఉండేది కాదు. మా కామాటిపురలో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా చాల్లో, అంటే ఒకే వరండాకు వరసగా ఇరుకు గదులున్న కూలిజనం ఇళ్లలో, మా మేనత్త జొన్న రొట్టెలు చేసి అమ్మేది. ఒక పక్క కుళాయి దగ్గర బిందెల కొట్లాట, ఇంకో పక్క ఎవరివో తడిబట్టల నుంచి నెత్తిమీద కారే నీళ్లు, మధ్యలో ఇరుకు వరండా. అక్కడే జనం గొంతుక్కూర్చుని, వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ తినేవాళ్లు. వాతావరణం బాగాలేదని ఎవరూ అనలేదు. రొట్టె మీద అత్త అయిదు వేళ్ల అచ్చూ కనబడేది, అదే ఆవిడ సంతకం (అక్షరాల సంతకం ఆవిడకు రాదు). చల్లారిన రొట్టెను మాత్రం చచ్చినా ఎవరికీ పెట్టేది కాదు.

నాకు పందొమ్మిదేళ్లు వచ్చేసరికి ఊరి బయట హైవే పక్కన ఎవరో సేఠ్ ఒక పార్కు పెట్టాడు. రంకులరాట్నం, పిల్లల రైలు, బాతు ఆకారం పడవలు, వీటన్నిటి నడుమ పల్లెటూరి హోటలు. దాని పేరు చెప్పను. రెండేళ్లకే మూతపడింది, అది ఒక్కటే అది చేసిన మంచిపని. సిమెంటుతో కట్టి మట్టిరంగు పూసిన గుడిసెలు, నీళ్లు లేని బావి, ఎద్దులు లేని బండి. వాటిని కట్టింది మా చాల్లోనే ఉండే మేస్త్రి తాత. "బతుకంత గోడకు పగుల్లు రాకుంట చూసినోన్ని, ఈడ పైసలిచ్చి పగుల్లు పెట్టమన్నరు రా" అని ఆయన నెలరోజులు నలుగురికీ చెప్పుకుని తిట్టుకున్నాడు. మా తాతలు ఆ మట్టిగోడల నుంచి బయటపడటానికే కదా పాలమూరు నుంచి బొంబాయి దాకా వచ్చి రాళ్లు మోసింది! అక్కడే నాకు మొదటి ఉద్యోగం దొరికింది. పంచె, ఎర్ర తలపాగా, అతికించుకునే మీసం (సొంతది అప్పటికింకా సరిగ్గా రాలేదు). ఆ మీసం రెండుసార్లు పప్పులో పడింది. రెండుసార్లూ ఎవరూ కనిపెట్టలేదు, ఆ పప్పు అలాంటిది.

ఒకరోజు మేనేజరు, గుడిసె ముందు కట్టెల పొయ్యి పెట్టి రొట్టెలు చేసే ఆడమనిషి కావాలన్నాడు. నేను ఎగిరి గంతేసి మా అత్త పేరు చెప్పాను. అత్త రెండోమాట లేకుండా చాల్లో రొట్టెల బేరం మానేసింది. పెట్టెలోంచి నేత చీర తీసింది. "ఇగ బొంబయంత నా రొట్టె తింటది" అని గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చెప్పుకొచ్చింది. ఇరవయ్యేళ్లు ఒకే వరండాలో రొట్టెలు చేసిన మనిషికి తన చేతి పేరు గల్లీ దాటబోతోందంటే ఎంత సంబరమో నాకు ఆ వయసులో అర్థం కాలేదు. అర్థమైతే ఆ తర్వాత చేసిన పని చేసేవాణ్ని కాదు.

మొదటిరోజే నాకు సంగతి తెలిసిపోయింది. అత్త చేసిన రొట్టెలు గంపలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. వంటవాడు నన్ను ఎగాదిగా చూసి, వెనక తలుపు చూపించాడు. జనానికి పెట్టే తిండి సేఠ్ బావమరిది వంటశాల నుంచి పొద్దున్నే టెంపోలో వస్తుందట, కాంట్రాక్టు అతనిది. పొయ్యి ముందు కూర్చునే బాయి, అదే మా అత్త, మాత్రం సజావట్, అంటే అలంకారం, బావి లాగా, బండి లాగా. "గిరాకీ వచ్చేది మాహోల్ కోసం, తిండి కోసం కాదు" అని మేనేజరు నాకు పాఠం చెప్పాడు. మాహోల్ అంటే వాతావరణం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు కాలుతాయి. అలంకారపు రొట్టెలు వెనకాల పాలవాడి కొట్టంలో బర్రెలకు వెయ్యాలి, పనివాళ్లెవరూ ముట్టుకోకూడదు. మొత్తం పార్కులో కడుపునిండా మంచి భోజనం చేసింది ఆ నాలుగు బర్రెలే. సాయంత్రం అత్త, "ఏమన్నర్రా?" అని అడిగింది. "మస్తు మెచ్చుకున్నరత్తా" అన్నాను. ఒకసారి అలా అన్నాక రోజూ అనాల్సి వచ్చింది.

నెల గడిచాక ఒక ఆదివారం చాల్లో సగంమంది పిల్లాజెల్లాతో దిగారు. ముందు మేస్త్రి తాత, తాను పెట్టిన పగుళ్లను అందరికీ వేలుపెట్టి చూపిస్తూ. అత్త పొయ్యి దగ్గర నుంచే చెయ్యి ఊపింది. నేను టెంపోలో వచ్చిన రొట్టెలు వడ్డించాను. డబ్బా మూతతో కోసినట్టు అన్నీ ఒకే గుండ్రం, చల్లగా, తోలుముక్కలా సాగుతున్నాయి. అత్త మీద గౌరవంతో పెద్దవాళ్లు ఎలాగో నమిలి మింగారు. పిల్లలు మాత్రం రెండు చేతులతో లాగి ఆడుకోవడం మొదలుపెట్టారు. చివరికి తాత లేచి, ఒక రొట్టె పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లాడు.

"బిడ్డా, పానం మంచిగ లేదా? చేతులకేమన్న అయిందా?"

అత్త ఆ రొట్టెను తిప్పి చూసింది. వేళ్ల అచ్చు లేదు. వాసన చూసింది. "దీంట్ల మైదా ఉన్నది. ఇది నాది కాదు" అంది. తర్వాత నావైపు చూసింది.

"నావి ఏడికి పోతున్నయ్ రా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "బర్రెలకత్తా" అన్నాను.

నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చేతులు కడుక్కుని, పీట దగ్గరికి లాక్కుని, పిండి ముద్ద తీసుకుంది. రొట్టె పొంగగానే నాకు ఇవ్వకుండా తనే లేచి వెళ్లి తాత పళ్లెంలో వేసింది. తర్వాత పిల్లలకు. ఆ వాసనకు పక్క బల్లల వాళ్లు తలలు తిప్పారు. ఒక మార్వాడీ ఆవిడ తన పళ్లెం పక్కకు తోసి, నాకూ అదే కావాలంది. కాసేపటికి సూటూ బూటూ వేసుకున్నవాళ్లు కూడా పళ్లేలు పట్టుకుని పొయ్యి చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. బాయి వడ్డించడమేంటి, కాంట్రాక్టు ఏమవుతుంది, మాహోల్ ఏమవుతుంది అని కేకలు. అత్త తలెత్తలేదు. "నీ మాహోల్ల మన్నుపొయ్య. తినేటోల్ల కాడ నోరు చెయ్యకు, అవతలికి నడువ్" అంది, అచ్చ తెలుగులోనే. వాడికి భాష రాదు గానీ బాగానే అర్థమైంది. పిండి అయిపోయేదాకా వాడు దగ్గరికి రాలేదు. అయిపోయాక ఇద్దరినీ పొమ్మన్నాడు.

బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. పని పోయినందుకు బాధపడుతోందనుకుని, ఇంకో చోట చూద్దాంలే అన్నాను. అప్పుడు తిరిగింది.

"పని గంగల కలవని. నెలదినాలు నా చేతి రొట్టె ఉడుకుడుకుగ గంపల పెట్టుకొని మోసినవ్ గదరా. ఒక్కటన్న తీసి నోట్ల ఏసుకున్నవా?"

"మేనేజరు ముట్టొద్దన్నడత్తా."

"థూ" అంది. ఆ తర్వాత ఎనిమిది రోజులు చాల్ మొత్తానికీ రొట్టెలు చేసి, నా పళ్లెంలో మాత్రం బేకరీ పావ్ బన్ను పడేసింది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. అప్పటి ఆవిడ వయసును నేనూ దాటేశాను. సేఠ్ మీద, బావమరిది మీద, మేనేజరు మీద ఉన్న కోపం ఇసుమంత కూడా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. అందరికంటే ఎక్కువ కోపం ఆ పందొమ్మిదేళ్ల వాడి మీద. ఎదురుపడితే రెండు తగిలిద్దామనే అనుకుంటాను. కానీ పొద్దుటి నుంచి ఏమీ తినక, వేడి రొట్టెల వాసన ముక్కుకు కొడుతుంటే గుటకలు మింగుతూ, ఒక్క ముక్క కూడా తుంచకుండా బర్రెల దగ్గరికి బుద్ధిగా నడిచిపోతూ కనబడతాడు. అంత ఆకలి మీదున్న వెధవను ఎక్కడని కొట్టను, నవ్వొచ్చి చెయ్యి దించేస్తాను.