గుర్వుసామి రహస్య భాష

విరుదునగర్‌లోని ఒక కాలేజీలో గుర్వుసామి పద్దెనిమిదేళ్లు ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పాడు. కోవిల్‌పట్టి బస్సులో రోజూ ఎవరో ఒకరు "క్రికెట్టా సార్?" అని అడిగేవారు, అతను రోజూ విసుక్కునేవాడు. జట్టుతో మాట్లాడేది తమిళమే అయినా, మైదానంలో రహస్యం చెప్పాలంటే మాత్రం తనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే ఆటగత్తె సంగవికి తెలుగులో చెప్పేవాడు. రిటైరయ్యే ఏడు జట్టు మొదటిసారి ఫైనల్ చేరింది. గెలుపుకు కావలసిన చివరి పరుగు కోసం మూడో బేస్ మీద నిలబడ్డ సంగవికి, "బంతి ఏస్తానే ఉరుకు!" అని అరిచాడు. ముందే కాచుకున్న అవతలి జట్టు క్యాచర్ ఆమెను అవుట్ చేసేసింది.

గుర్వుసామి టోపీ నేలకేసి కొట్టి ఆ క్యాచర్ పిల్ల దగ్గరికి వెళ్లాడు. "నీకెట్ల తెలిసె?"

"మాది ఎట్టయాపురం మామా. ఇంట్లో మేమూ తెలుగే."

అతను నెత్తి కొట్టుకున్నాడు. అంతలో వాచిన ఆమె బొటనవేలు కనబడింది. "అట్ల చెయ్యి చాపితే ఏలు ఇరగదా? ఇట్ల పెట్టు!" అని కసురుతూ గ్లవ్ సరిచేయసాగాడు. ఓడిన తన జట్టు వ్యానెక్కి హారన్ కొట్టిస్తూనే ఉంది.