ఆమె ఊఁ కొట్టిన టేపులు

మా పక్కింటి టీచరమ్మ పోయింది. ఆసుపత్రి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. స్టవ్ కట్టేశాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే అమ్మాయి రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోను.

టీచరమ్మది కాకినాడ వైపు. రిటైరయ్యేదాకా ఇక్కడే, లీడ్స్‌లో యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. ఆఫ్రికాలో కొద్దిమంది ముసలివాళ్ళ నోట మాత్రమే మిగిలిన భాషలుంటాయట. అక్కడికి వెళ్ళి, వాళ్ళ నాలుక ఎక్కడ తగులుతుందో, గొంతు ఎక్కడ బిగుస్తుందో చూసి, ఆ పలుకులు టేపుల్లో పట్టుకొచ్చేది. ఒకసారి మా వంటింట్లో కూర్చుని నాలుకతో టక్కుమని అలాంటిదే ఒకటి పలికింది.

“గేదెను అదిలిస్తున్నావా?” అన్నాను.

“అయ్యో పిన్నిగారూ, ఇది వాళ్ళకి అచ్చంగా మన ‘క’ లాంటిదే!” అని పకపకా నవ్వింది.

ఆమెకో అలవాటుండేది. రికార్డు చేసేటప్పుడు పక్కవాళ్ళు నోరు మెదపకూడదట. మెదిపితే ఆ టేపు పలుకుల కొలతలకి పనికిరాదట. విడి మాటలు చెప్పించినంతసేపూ బాగానే ఉండేది. అక్కడి ముసలావిడ కథ మొదలుపెట్టిందా, ఈమె ఊఁ కొట్టేసేది.

“ఊఁ కొట్టకపోతే మా అమ్మమ్మ కథ ఆపేసేది పిన్నిగారూ. ఏం చేయను? అప్పట్లో మా ప్రొఫెసరు ఒకటే తిట్లు.”

“తిట్టనీ. గోడకి ఎవరు చెబుతారమ్మా కథ?”

ఆ ముసలావిడ పోయింది. మనవలకి ఆ భాష రాదు. ఆ కథలు వాళ్ళకి చేర్చాలని టీచరమ్మ అంటూనే ఉండేది. ఇంతలో మంచం పట్టింది.

ఆమె పోయాక, హౌన్స్‌లో అనే ఊరి నుంచి మేనల్లుడు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చాడు. మంచం కింద నుంచి ఆమె ఊఁ కొట్టిన టేపుల పెట్టె బయటికి లాగాడు.

“మామ్మగారూ, మంచి రికార్డింగులన్నీ యూనివర్సిటీలో ఉన్నాయి. ఇవి వేస్ట్. కౌన్సిల్ చెత్తకుప్పలో పడేస్తాను.”

“వేస్టని ఎవరన్నారు?”

“అత్తే అనేది!”

“అనేది. పారేసిందా? మంచం కింద ఎందుకు దాచుకుంది?”

అబ్బాయి పెట్టె నా వైపు జరిపాడు. పెట్టె మా ఇంటికి తెచ్చుకున్నాను.

ఇది చదివేవాళ్ళని అడుగుతున్నాను. కొలతలకి పనికిరావు, సరే. నాయనమ్మ గొంతు మనవలకి పనికిరాదా? మీలో ఇంతింత చదువులు చదివినవాళ్ళున్నారు, దేశాలు తిరిగేవాళ్ళున్నారు. ఆ మనవలకి చేర్చే మనిషి వచ్చేదాకా ఈ పెట్టెని ఎవరూ తాకడానికి వీల్లేదు.

నిన్న ఒకటి పెట్టించుకుని విన్నాను. ఒక్క మాటా అర్థం కాలేదు. ముసలావిడ చెబుతోంది, మధ్యమధ్య మా టీచరమ్మ ఊఁ అంటోంది. ఒకచోట ముసలావిడ ఆగింది. టీచరమ్మ పలకలేదు. కళ్ళు తుడుచుకుంటోందో ఏమో. నేనిక ఉండలేకపోయాను.

“ఊఁ” అన్నాను.

ముసలావిడ మళ్ళీ కథ అందుకుంది.