వీరాచారి పెరూ ప్రయాణం

చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులు చేసే వీరాచారి, పటకారు లేనిదే యాసిడ్ తొట్టి దగ్గరకు వెళ్లని జాగ్రత్తపరుడు. రోజూ పనికి ముందు గోడమీది ప్రపంచ పటంలో దక్షిణ అమెరికాలోని పెరూ దేశాన్ని వేలితో తడిమేవాడు. శిథిలాలున్న కొండకు ఎర్ర దారం, దిగువ అడవికి పచ్చ దారం అతికించుకున్నాడు. బెజవాడ దాటి ఎరుగని మనిషి! పాస్‌పోర్టు వచ్చిన రోజున బావమరిది కోటిలింగం, “అడవి కావాలంటే దివిసీమలో మడచెట్ల అడవే ఉందిగా బావా!” అంటూ పాస్‌పోర్టును లాక్కుని యాసిడ్ తొట్టిలో పడేశాడు. వీరాచారి పటకారు వెతకలేదు. వట్టి చేతిని ముంచి దాన్ని పైకి తీశాడు. యాసిడ్ కారుతున్న ఆ చేతితోనే బావమరిది చెంప పగలగొట్టాడు. కోటిలింగం కేకలు పెడుతూ నీళ్లబానలో తల ముంచాడు. బొబ్బలెక్కుతున్న చేతిని కూడా కడుక్కోకుండా, ఫొటోలో ముఖం చెరిగిపోయిన పాస్‌పోర్టును వీరాచారి ఎండలో ఆరబెట్టాడు. “కొత్తది తెచ్చుకుంటాన్రా. ఆ కొండ మెట్లెక్కడానికి కాళ్లు చాలు” అన్నాడు.