అమ్మని లేపని నలభై నిమిషాలు

మా చిన్నప్పుడు... మరీ పాతకాలం కాదులెండి, లాక్‌డౌన్ రోజులు. నాకు పన్నెండేళ్లు. పరాయిదేశంలో, సిటీవెస్ట్ అనే పేటలో ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగ్, నాలుగో అంతస్తు మాది. అమ్మ ఆసుపత్రిలో రాత్రంతా డ్యూటీ చేసి, ఎదురుగా లిఫ్ట్ ఖాళీగా ఉన్నా, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేది...

ఎందుకంటే ఐదో అంతస్తు ఆంటీగారు సెలవిచ్చారు! బిల్డింగ్‌లో తెలుగువాళ్ల గ్రూపులో మెసేజ్ పెట్టింది. "డాక్టర్ గారి ఫ్యామిలీ దయచేసి లిఫ్ట్ వాడకండి. మా ఇంట్లో చిన్నపాప ఉంది. ఏమీ అనుకోవద్దు" అని. అంతకు కొన్ని రోజుల ముందే బాల్కనీలో నిలబడి డాక్టర్లకి చప్పట్లు కొట్టిన మహాతల్లి ఆవిడ... వీడియో కూడా తీసి పెట్టింది.

గ్రూపులో మేం కాక పదకొండు కుటుంబాలు. అదేంటండీ అని ఒక్కరూ అడగలేదు. నాన్న కోపంగా ఏదో టైప్ చేస్తుంటే అమ్మ ఫోన్ లాక్కుంది. "వదిలేయండి, భయపడుతున్నారు పాపం" అంది. ఆ 'పాపం' వినగానే నాకు ఒళ్లు మండింది. ఎవరు పాపం? మోకాళ్ల నొప్పులని రాత్రి జండూబామ్ రాసుకునేది ఎవరు?

ఆ తర్వాత మాకు కోవిడ్ వచ్చింది, తగ్గింది. తగ్గి నెల దాటినా మాకు మెట్లే...

ఒకరోజు మధ్యాహ్నం. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి పడుకుంది. నాన్న లోపలి గదిలో తలుపేసుకుని శాండీఫోర్డ్‌లో ఉన్న తన ఆఫీసువాళ్లతో ఆన్‌లైన్ మీటింగులో ఉన్నారు. అమ్మ ఫోన్ నా దగ్గర. ఆసుపత్రి నుంచి కాల్ వస్తే తప్ప లేపొద్దని నాన్న ఆర్డర్.

ఫోన్ మోగింది. ఐదో అంతస్తు ఆంటీ మెసేజ్.

"డాక్టర్ గారూ, ఊపిరి అందడం లేదు. అంబులెన్స్ పిలిస్తే పాపని ఎవరు ఉంచుకుంటారు? గ్రూపులో అడిగితే ఒక్కరూ వస్తామనలేదు. ఆయన హైదరాబాద్‌లో ఇరుక్కుపోయారు. ఒక్కసారి రాగలరా?"

గ్రూపు తెరిచి చూశాను. నిజమే... అన్నీ నమస్కారం బొమ్మలు, గెట్ వెల్ సూన్‌లు.

నేనేం చేశానో తెలుసా? ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆసుపత్రి కాల్ కాదుగా, లేపక్కర్లేదు అనుకున్నాను. బాగా అయింది అని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది కానీ, అప్పుడు హాయిగా ఉంది. బిస్కెట్లు తెచ్చుకుని, హోంవర్కు ముందేసుకుని కూర్చున్నాను... నలభై నిమిషాలు.

పైనుంచి కుర్చీ ఈడ్చిన చప్పుడు. వాళ్ల మీనూకి నాలుగేళ్లు. వంటింట్లో ప్రెస్, అదే ఇక్కడివాళ్ల మాటలో గోడ అల్మరా, అందుకోవడానికి కుర్చీ ఈడ్చుకోవడం, వాళ్లమ్మ గావుకేకలు పెట్టడం మాకు రోజూ వినపడేవే. కాసేపటికి దబ్‌మని పడింది. పిల్ల ఏడుపు... కేకల కోసం చూశాను. రాలేదు. పిల్ల అలా ఏడుస్తూనే ఉంది, తిట్టే గొంతు మాత్రం లేదు.

చేతిలో బిస్కెట్ పక్కన పడేసి లేచాను.

జాలి కలిగిందని అబద్ధం చెప్పను. లేస్తుంటే కూడా ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ గదిదాకా పది అడుగులు ఉంటాయేమో... అంత కష్టంగా ఇంకెప్పుడూ నడవలేదు. లేపితే నేను ఓడిపోయినట్టు, లేపకపోతే... ఆ మాట మనసులో కూడా అనుకోలేకపోయాను. అమ్మ భుజం పట్టుకుని ఊపేశాను.

అమ్మ మెసేజ్ చదివింది. "ఎప్పుడొచ్చింది?" అంది.

"ఇప్పుడే..."

టైం మెసేజ్ కిందే ఉంది కదా. నా వంక ఒక్కసారి చూసి, మాస్కు పెట్టుకుంటూ పరుగెత్తింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. అడిగి రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

అంబులెన్స్ వచ్చింది. ఆంటీ పెదాలు నల్లబడిపోయాయి. మీనూ చేతిని అమ్మ చేతిలో పెడుతూ మా మొహాలు చూడలేకపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని ఆ రాత్రి అమ్మ నాన్నతో అంటుంటే విని, దుప్పటి నిండా కప్పుకున్నాను.

మీనూ మా ఇంట్లో తొమ్మిది రోజులుంది. అమ్మకి డ్యూటీలు, నాన్నకి మీటింగులు... ఆ పిల్ల నా నెత్తిన పడింది. ఆన్‌లైన్ క్లాసులో కెమెరా ఆపేసి, పెరుగన్నం ముద్దలు పెట్టేదాన్ని. మూతి అచ్చం వాళ్లమ్మదే! చూస్తేనే చిరాకు. నుదుటి మీద బొప్పి చూస్తే మాత్రం చిరాకంతా నా మీదకి తిరిగేది. ముద్ద ముద్దకీ అదే ప్రశ్న, అచ్చం ఇక్కడి పిల్లల యాసలో: "ఈజ్ మై మమ్మీ గ్రాండ్?" మమ్మీ బాగానే ఉందా అని.

"గ్రాండే... నువ్వు తిను ముందు" అనేదాన్ని. నిజంగా ఎలా ఉందో నాకేం తెలుసు? రాత్రి అది నిద్రపోయాక, ఆ ఆంటీ బతకాలని దండం పెట్టుకున్నాను. అప్పుడు కూడా కోపంగానే.

ఆంటీ తిరిగొచ్చింది. గుమ్మానికి దూరంగా నిలబడి "థాంక్స్ అండీ" అంది. అంతే. లిఫ్ట్ మాట ఆవిడా ఎత్తలేదు, మిగతా పదిమందీ ఎత్తలేదు. ఒకరోజు అమ్మే బటన్ నొక్కి లిఫ్ట్ ఎక్కేసింది.

ఇప్పుడు అదే బిల్డింగ్‌లో అందరూ ఒకళ్లనొకళ్లు వాటేసుకుని ఫొటోలు దిగుతున్నారు. 'మన తెలుగు ఫ్యామిలీ' అట! ఆ రోజుల సంగతి ఎత్తితే "అప్పుడు అందరం ఎంత కలిసికట్టుగా ఉన్నామో" అంటారు. నేను నోరు మూసుకుంటాను... నా నలభై నిమిషాలు నాకున్నాయి కదా.

ఆంటీ, మీరూ నా ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నారు. ఆ మెసేజ్ అమ్మ చూసుకోలేదు అనుకుంటున్నారేమో ఇన్నేళ్లూ. నేను చూశాను. మీరు చేసింది ఇంకా క్షమించలేదు... నేను చేసింది మీరు క్షమించక్కర్లేదు.

మీలో ఎవరైనా ఎప్పుడైనా, అస్సలు ఇష్టం లేని మనిషి కోసం పళ్లు నూరుకుంటూ లేచి వెళ్లారా? అవి రాయండి కింద. ప్రేమతో చేసినవి వద్దు, అవి ఎవరైనా చేస్తారు.